పాత హ్యాండ్‌బ్యాగులు అమ్మిపెట్టే సర్వీసు: ఐదుకి మూడు స్టార్లు, అందులో ఒకటి తాళంచెవికి

ముందే లెక్క చెప్పేస్తాను. మొత్తం 34 బ్యాగులు. చెత్తబండిలోకి వెళ్లినవి 6. సర్వీసువాళ్లు ఫొటోలు చూసి సరేనన్నవి 9, పట్టుకెళ్లి పరీక్షించాక ఉంచుకున్నవి 7. చేతికొచ్చింది 9,350 రూపాయలు, అదీ పంతొమ్మిదో రోజున. ముప్పై ఏళ్లు బ్యాంకు కౌంటర్లో కూర్చున్నాను. సాయంత్రం క్యాష్ కలవకపోతే ఇంటికి వెళ్లేది లేదు. రిటైరైనా ఆ అలవాటు పోలేదు.

నాచారంలో ఇల్లు ఖాళీ చేసి మియాపూర్‌లో రెండు బెడ్‌రూముల ఫ్లాట్‌కి మారుతున్నాం. అక్కడ నా వాటాకి ఒక్క బీరువా వచ్చింది. "నీకున్నవి రెండు భుజాలే కదా" అన్నారు మావారు. ఆయనకి పదకొండు గొడుగులున్నాయి, సరే, ఆ సంగతి ఇప్పుడెందుకు. బెంగళూరులో ఉన్న మా అమ్మాయి ఈ సర్వీసు గురించి చెప్పి, తన నంబరుతోనే యాప్‌లో ఖాతా తెరిచింది. వాడిన బ్రాండెడ్ బ్యాగుల్ని ఇంటికొచ్చి తీసుకెళ్తారు, శుభ్రం చేసి తమ యాప్‌లో అమ్ముకుంటారు. పేరు మాత్రం రాయను. మెచ్చుకున్నా, తిట్టినా ఆ తర్వాత ఫోన్లు వస్తాయి. నాకు ఓపిక లేదు.

ఫొటోలకే రెండు రోజులు పట్టింది. ముందు, వెనక, అడుగు, నాలుగు మూలలు, లోపలి లైనింగ్, జిప్పు, బ్రాండ్ ముద్ర, పట్టీ బ్యాగుకి అతికే చోటు. పెళ్లిచూపుల్లో కూడా నన్ను ఇంతలా చూడలేదు. అయితే వాళ్లు అడిగిన చోట్లు మాత్రం సరైనవే. బ్యాగు ముందు అరిగేది మూలల్లో, ముందు తెగేది పట్టీ మొదట్లో.

అసలు దెబ్బ ఆ ఫొటోలు తీసేటప్పుడే తగిలింది. మా అమ్మాయి మొదటి జీతంతో నాకొక నల్ల బ్యాగు కొనిపెట్టింది. ఏదైనా మంచి సందర్భానికి ఉంటుందని గుడ్డ సంచిలో పెట్టి, పైన ప్లాస్టిక్ కవరు చుట్టి అటక మీద దాచాను. మూడుసార్లు వాడానేమో. ఇప్పుడు విప్పి చెయ్యి వేస్తే ఉడికిన చామదుంప తొక్కలా పైపొర ఊడి వేళ్లకి అంటుకుంది. మనం రెగ్జిన్ అనేస్తాం గానీ ఇప్పుడొచ్చే చాలా బ్యాగులకి గుడ్డ మీద పాలీయురేథేన్ అనే ఒక రకం ప్లాస్టిక్ పూత ఉంటుంది. గాలిలో తేమ తగిలి ఆ పూత మెల్లమెల్లగా విడిపోతూ ఉంటుంది. వాడామా, దాచామా అని చూడదు. ప్లాస్టిక్ కవరు చుట్టి ఆ తేమని నేనే లోపల బంధించాను. విచిత్రమేమిటంటే 1996లో నెల్లూరు ట్రంకురోడ్డులో 140 రూపాయలకి కొన్న పాతకాలం పీవీసీ రెగ్జిన్ బ్యాగు, ఎండా వానా బస్సూ అన్నీ చూసినది, ఇంకా గట్టిగానే ఉంది.

అలా పొర ఊడినవి ఆరు తేలాయి. ఐదు వెంటనే పారేశాను. నల్లదాన్ని చెత్తబండి మూడోసారి వచ్చిన రోజు గానీ వెయ్యలేకపోయాను. మా అమ్మాయికి చెప్పలేదు. ఇది చదివితే తెలుస్తుంది.

మిగిలిన 28కీ ఫొటోలు పంపితే రెండు రోజుల్లో జవాబొచ్చింది. తొమ్మిదింటికి రేటు కట్టారు, మొత్తం 14,200. తక్కిన 19కీ ఒకటే మాట: "అన్‌బ్రాండెడ్". అక్కడ నాకు ఒళ్లు మండింది. అందులో ఒకటి బోల్‌పూర్‌లో కొన్న శాంతినికేతన్ తోలు బ్యాగు. కలకత్తాలో ట్రైనింగుకి వెళ్లినప్పుడు ఒక ఆదివారం శాంతినికేతన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి వెళ్లి తెచ్చుకున్నాను. తోలు మీద పువ్వులు అద్ది, ఒక్కో రేకకీ చేత్తో రంగు వేస్తారు. రవీంద్రుడు 1922లో నెలకొల్పిన శ్రీనికేతన్ నుంచి వచ్చిన పనితనం, ఊరి పేరుతో వస్తువుకి ఇచ్చే జీఐ గుర్తింపు కూడా ఉంది. ఇంకొకటి భీమవరంలో పనిచేసినప్పుడు నర్సాపురం పక్క ఊరామె అల్లి ఇచ్చిన లేసు పర్సు. నర్సాపురం లేసుకీ 2024లో జీఐ వచ్చింది. ఊరి పేరే ముద్రగా ఉన్న వస్తువు అన్‌బ్రాండెడట! అడిగితే, "మేడమ్, మా లిస్టులో ఆ బ్రాండ్ లేదు" అన్నాడు అవతలి అబ్బాయి. పాపం, వాడి ముందున్న స్క్రీన్‌లో లేకపోతే వాడేం చేస్తాడు.

డబ్బుకి రెండు పద్ధతులున్నాయి. బ్యాగు అమ్ముడయ్యాక 30 శాతం వాళ్లు ఉంచుకుని మిగిలింది ఇవ్వడం ఒకటి, ఇప్పుడే ఒక రేటుకి కొనేసుకోవడం రెండోది. నేను రెండోది ఎంచుకున్నాను. తక్కువే వస్తుంది, కానీ అమ్ముడైందా లేదా అని రోజూ యాప్ తెరిచి చూసుకునే టెన్షన్ ఉండదనుకున్నాను. ఆ మాట ఎంతవరకు నిలిచిందో తర్వాత చెప్తాను.

తీసుకెళ్లడానికి వచ్చిన అబ్బాయి టైముకే వచ్చాడు. కానీ బ్యాగుల్ని పట్టుకున్న తీరు చూస్తే ప్రాణం ఉసూరుమంది. లోపల పాత పంచె ముక్కలు కుక్కి, ఆకారం చెడకుండా వరసగా పేర్చి పెట్టాను. అవన్నీ లాగేసి, పెద్ద బ్యాగులో చిన్న బ్యాగు దూర్చి, పట్టీలు మడిచి ఒకే గోనెలాంటి సంచిలో వేసేశాడు. "బాబూ, ఆ గోధుమరంగుది మాత్రం విడిగా పెట్టవా" అన్నాను. "ఏం కాదు ఆంటీ, అన్నీ ఒక చోటికే వెళ్తాయి" అన్నాడు. నిజమే.

ఆ గోధుమరంగుది హైడిజైన్. 2004లో బ్యాంకు ప్రయాణ ఖర్చులిచ్చే ఎల్టీసీ మీద పాండిచ్చేరి వెళ్లినప్పుడు కొన్నాను. 1978లో దిలీప్ కపూర్ ఆ ఊళ్లోనే చిన్న వర్క్‌షాపుగా మొదలుపెట్టిన కంపెనీ. చెట్ల బెరడు రసంతో పదును చేసిన తోలు. మన దగ్గర తంగేడు చెక్కతో తోళ్లు పదును చేసేవారే, అలాంటి పద్ధతి. ఆ తోలుకి రంగు పైపూతలా ఉండదు, వాడినకొద్దీ ముదురుతుంది. పదహారేళ్లు రోజూ మోశాను. ఎడమ పట్టీ మీద నా బొటనవేలు ఆనే చోట చింతగింజంత నల్లటి చార పడింది. సిటీ బస్సులో నిలబడి పట్టుకున్న చెమటంతా అక్కడే ఉంది.

నాలుగు రోజుల తర్వాత రిపోర్టు వచ్చింది. రెండు బ్యాగులు వెనక్కి, మిగిలిన ఏడింటికి రేటు కోత. కారణం: "వాసన". కలరా ఉండల వాసన. బీరువాలో అవి వెయ్యని ఇల్లుందా? కానీ తప్పు నాదే, గుడ్డలో కట్టిన వేపాకు వేసి ఉంటే సరిపోయేది. వెనక్కి వచ్చిన రెండింటికీ కొరియర్ ఖర్చు తలా 180 నా డబ్బులోంచే కోశారు. ఆ సంగతి ముందు ఎక్కడా చెప్పలేదు. పైగా ఒకదాని పట్టీ అడ్డంగా మడతపడి వచ్చింది. చెప్పని ఖర్చుకి ఒక స్టార్, ఈ మడతకి ఒకటి తీసేశాను. అన్‌బ్రాండెడ్ మాటకి ఇంకొకటి.

తీసేసిన వాటిలో ఒకటి మళ్లీ ఇచ్చేశాను. ఎందుకంటే మర్నాడు వాళ్ల దగ్గర్నుంచి ఫోను. "మేడమ్, బ్రౌన్ బ్యాగులో లోపలి జిప్పు వెనక చిన్న జేబులో ఇత్తడి తాళంచెవి ఉంది, మీదేనా?" మా అమ్మ ట్రంకుపెట్టెది. ఆసుపత్రిలో ఆవిడ నా చేతిలో పెడితే అక్కడ వేసి మర్చిపోయాను. ఇల్లంతా వెతికి, దొరక్క, ఎనిమిదేళ్ల కిందటే ఆ పెట్టె తాళం పగలగొట్టించాం. ఇప్పుడు ఆ చెవితో తెరవడానికి ఏమీ లేదు. కానీ వాళ్లకి ఆ సంగతి తెలియదు కదా. గట్టి అట్టపెట్టెలో, చుట్టూ బబుల్ కవరు చుట్టి, పైసా తీసుకోకుండా పంపారు. బ్యాగుల్ని కూడా అలా తీసుకెళ్లి ఉంటే ఐదుకి ఐదూ ఇచ్చేదాన్ని.

ఇంట్లో మిగిలిన 21లో ఐదింటికి జిప్పులు పనిచేయడం లేదు. సికింద్రాబాద్ జనరల్ బజార్ సందుల్లో ఒకాయన ఉన్నాడు, కొట్టుకి బోర్డు కూడా లేదు. రివ్యూ రాస్తే నిజానికి ఆయనకి రాయాలి. "చైన్ మొత్తం ఎందుకమ్మా, పళ్లు బాగానే ఉన్నాయి, రన్నర్ మారిస్తే చాలు" అన్నాడు. కటింగ్ ప్లేయరుతో పాత రన్నర్ కొరికి తీసేశాడు. జిప్పు చివర రెండు కుట్లు విప్పి కొత్తది ఎక్కించి, కొవ్వొత్తి ముక్క పళ్ల మీద రెండుసార్లు రుద్ది, సర్రున లాగి చూపించాడు. 70 రూపాయలు. ఇంకో చోట ఇదే పనికి జిప్పంతా మార్చాలని 350 చెప్పారు. మడతపడిన పట్టీని మాత్రం చూసి తల అడ్డంగా ఊపాడు.

బాగుచేయించాక ఇవ్వడం తేలికైంది. పాడైనదాన్ని చేతిలో పెడితే వదిలించుకున్నట్టు ఉంటుంది, అదే ఇన్నాళ్లూ నన్ను ఆపింది. మా పనమ్మాయి కూతురు డిగ్రీలో చేరింది. ఉట్నూరులో ఉన్నప్పుడు కొన్న లంబాడీ అద్దాల బ్యాగు ఇద్దామని మనసు గట్టి చేసుకుని బయటికి తీశాను. అది చూసి, "బాగుంది ఆంటీ, కానీ ఇందులో ల్యాప్‌టాప్ పడుతుందా?" అంది. టేపు పెట్టి కొలిచాం. పడదు. ఆఖరికి నేను లెక్కలోకే తీసుకోని బూడిదరంగు ఆఫీసు బ్యాగు పట్టుకెళ్లింది. అద్దాల బ్యాగు నా దగ్గరే ఉండిపోయినందుకు లోపల ఎంత సంతోషించానో చెప్పుకోకూడదు.

మొత్తం 13 పంచాను. ఎనిమిది ఉన్నాయి. బీరువాలో ఆరే పట్టాయి, రెండు గొడుగుల అరలో సర్దాను. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు, ఎందుకంటే ఎవరూ ఇంకా చూడలేదు.

యాప్ చూడనన్నాను కదా. చూశాను. నా హైడిజైన్ తెల్లటి గోడ ముందు, మంచి లైటింగులో, పట్టీ నిటారుగా నిలబడి ఉంది. నాకు ఇచ్చింది 2,600, పెట్టిన ధర 5,900. అది వాళ్ల వ్యాపారం, దాని మీద నాకు కోపం లేదు. కింద వివరంలో రాశారు: "ఎడమ చేతిపట్టీపై స్వల్ప మరక." మరకట. ఫొటో పెద్దది చేసి ఆ చింతగింజని కాసేపు చూశాను. తర్వాత చెయ్యి దానంతట అదే కార్టు బొమ్మ మీదికి వెళ్లింది. అడ్రసు పెట్టాను, కార్డు నంబరు కొట్టాను. లాగిన్ మళ్లీ సరిచూడాలని ఓటీపీ పంపింది యాప్. ఎంతసేపు చూసినా నా ఫోనుకి రాలేదు.

అర నిమిషంలో బెంగళూరు నుంచి ఫోను.

"అమ్మా, ఏం చేస్తున్నావ్?"