రోబో కిట్లలో వచ్చే ‘9900’ సెల్లుల విషయంలో జాగ్రత్త

నేను నెల్లూరు జిల్లా కోవూరు ప్రాంతంలోని ఒక ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం బోధిస్తున్నాను. సంక్రాంతి సెలవుల తర్వాత జరిగే సైన్సు ప్రదర్శనకు మా తొమ్మిదో తరగతి పిల్లలు నల్లగీత వెంట నడిచే చిన్న రోబోను చేస్తామంటే, ఆన్‌లైన్‌లో ఒక అమ్మకందారు దగ్గర రూ. 2,850 చెల్లించి పూర్తి కిట్ తెప్పించాను. విడిభాగాలను విడిగా కొంటే కొంత తగ్గేది కానీ, అన్నీ ఒకే పెట్టెలో వస్తాయన్న సౌకర్యానికి ఆశపడ్డాను. ఆ పెట్టెలో వచ్చిన రెండు బ్యాటరీ సెల్లులలో ఒకటి ప్రయోగశాల బల్ల మీదే కాలిపోయింది. కావలి, కందుకూరు, ఒంగోలు వైపు ఉపాధ్యాయ మిత్రులు కూడా ఇలాంటి కిట్లే కొంటున్నారని తెలిసింది కనుక, జరిగినదాన్ని వివరంగా రాస్తున్నాను.

ఆ రోజు మధ్యాహ్న భోజన విరామంలో సెల్లులు రెండూ కిట్‌తో వచ్చిన చార్జర్‌లో ఉన్నాయి. పిల్లలు భోజనానికి వెళ్లారు, నేను పక్క బల్ల దగ్గర నోటు పుస్తకాలు దిద్దుతున్నాను. కుక్కర్ విజిల్ వేయబోయే ముందు వచ్చే బుస వంటి చప్పుడు, దానితో పాటు గోళ్ల రంగు తుడిచే మందును పోలిన తియ్యని ఘాటు వాసన వచ్చాయి. తలెత్తేసరికి ఒక సెల్లు పై కొస నుంచి తెల్లని పొగ చిమ్ముతోంది. ప్లగ్ పీకి, కిటికీలు తెరిచి, మూలనున్న ఇసుక బకెట్‌ను దాని మీద గుమ్మరించాను. ఆ పొగ ఊపిరితిత్తులకు హాని చేస్తుంది కాబట్టి తిరిగొచ్చిన పిల్లలను గంటసేపు లోపలికి రానివ్వలేదు. బల్ల మీద అరచేయంత మేర చెక్క బొగ్గయింది. విరామం మరో పది నిమిషాల ముందే ముగిసి ఉంటే ఆ బల్ల చుట్టూ ఆరుగురు పిల్లలు ఉండేవారు.

మిగిలిన సెల్లును చల్లబడ్డాక మల్టీమీటర్‌తో కొలిస్తే 4.38 వోల్టులు చూపించింది. ఇటువంటి లిథియం అయాన్ సెల్లు 4.2 వోల్టులకు చేరగానే చార్జర్ తనంత తాను ఆగిపోవాలి. మాకు వచ్చిన చార్జర్‌లో ఆ ఏర్పాటే లేదు; ఎంతసేపు ఉంచినా ఎర్రదీపం ఎర్రగానే వెలుగుతుంది. హద్దు దాటి విద్యుత్తు ఎక్కుతూ పోతే సెల్లు లోపల వేడి పుట్టి, ఆ వేడే మరింత వేడిని పుట్టిస్తుంది.

సెల్లు పైపొర మీద 9900 ఎంఏహెచ్ (మిల్లీ ఆంపియర్ అవర్, సెల్లులో ఎంత విద్యుత్తు పడుతుందో చెప్పే కొలత) అని పెద్ద అక్షరాలతో అచ్చువేశారు. మనం 18650 అని పిలిచే ఈ పరిమాణపు సెల్లులో (18 మిల్లీమీటర్ల వ్యాసం, 65 మిల్లీమీటర్ల పొడవు) నేటి మంచి తయారీలో కూడా సాధారణంగా సుమారు 3,500 ఎంఏహెచ్‌కు మించి పట్టదు. నిజమైన సెల్లు దాదాపు 45 గ్రాములు తూగుతుంది. మాదాన్ని చిన్నబజారులో తెలిసిన బంగారం కొట్టుకు తీసుకెళ్లి తూయించాను. కొట్టు యజమాని ఒకసారి నన్ను, ఒకసారి త్రాసును చూసి, ‘‘మాస్టారూ, ఇది ఇరవై ఏడు గ్రాములే’’ అన్నారు. తర్వాత పాఠశాలలో దానిని అర ఆంపియరు వద్ద ఖాళీ చేసి చూశాను. పైన రాసిన అంకె నిజమైతే దాదాపు ఇరవై గంటలు నడవాలి. గంటా నలభై నిమిషాలకే అయిపోయింది. అంటే 830 ఎంఏహెచ్ లేదా ఆ దగ్గర. కుతూహలం కొద్దీ దాన్ని కోసి చూడాలన్న కోరిక మీకూ కలగవచ్చు. దయచేసి ఆ పని చేయకండి.

కాబట్టి కిట్ అందగానే, పిల్లల చేతికి ఇవ్వకముందే, సెల్లును తూయండి. మన దేశంలో అమ్మే, తిరిగి చార్జి చేసుకునే లిథియం సెల్లులకు ఐఎస్ 16046 ప్రమాణం కింద బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) నమోదు తప్పనిసరి. సెల్లు మీదో పెట్టె మీదో ‘ఆర్’ అక్షరంతో మొదలయ్యే సంఖ్య ఉండాలి, దానిని బీఐఎస్ కేర్ యాప్‌లో సరిచూసుకోవచ్చు. మాకు వచ్చినవాటి మీద అటువంటిదేమీ లేదు. నేను ముందే చూడవలసింది, చూడలేదు.

ఎర్ర, నల్ల తీగల సంగతి కూడా చెప్పాలి. బ్లేడుతో గీరితే పైన రాగిరంగు పోయి లోపల తెల్లగా అల్యూమినియం బయటపడింది. చక్రం ఏదైనా అడ్డుపడి నిలిచిపోతే మోటారు మామూలుకన్నా ఎన్నో రెట్లు విద్యుత్తు లాగుతుంది, అప్పుడు రాగికన్నా ఎక్కువ నిరోధం ఉన్న ఈ తీగలు త్వరగా వేడెక్కుతాయి. కిట్‌లో ఫ్యూజు లేదు, చివరకు ఆపే స్విచ్ కూడా లేదు. స్విచ్‌ను, మూడు ఆంపియర్ల ఫ్యూజును మేమే తెచ్చి బ్యాటరీ పక్కనే కలిపాం. మొదటిసారి నడిపేటప్పుడు రోబోను ఇటుక మీద ఎత్తి, చక్రాలు గాలిలో తిరిగేలా పెట్టాం. ఆడపిల్లలను చున్నీ ముడివేసుకోమని చెప్పాను.

అమ్మకందారుకు ఫొటోలు పంపితే, పిల్లలు తప్పుగా కలిపి ఉంటారని, బ్యాటరీలకు వారంటీ ఉండదని బదులిచ్చారు. నేను ఒక నక్షత్రం ఇచ్చి రివ్యూ రాశాక, దాన్ని తొలగిస్తే సగం సొమ్ము తిరిగి ఇస్తామన్నారు. ఒప్పుకోలేదు. జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. అక్కడ తేలకపోతే నెల్లూరులోని జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. 2019 చట్టం ప్రకారం అమ్మకందారు ఎక్కడున్నా మనం నివసించే చోటే కేసు వేయవచ్చు, చెల్లించిన సొమ్ము ఐదు లక్షలు దాటకపోతే రుసుము లేదు, గడువు రెండేళ్లు. బిల్లును, అట్టపెట్టెను, చాటింగ్ ఫొటోలను పారేయకండి. నేను అట్టపెట్టెను దాదాపు పారేశాను, మా అటెండరు దాచి ఉంచారు.

ప్రదర్శనలో మా రోబో లిథియం సెల్లులకు బదులు ఆరు నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్లులతో (ఇవీ తిరిగి చార్జి చేసుకునేవే) నడిచింది. ఆరూ కలిపి 7.2 వోల్టులు, మోటార్లను నడిపించే డ్రైవర్ బోర్డు దాదాపు రెండు వోల్టులు తినేసినా మిగిలినది ఆ చిన్న మోటార్లకు సరిపోయింది. కాలిన సెల్లును సాక్ష్యం కోసం ఇనుప డబ్బాలో ఇసుకలో పాతి, ప్రయోగశాల వెనుక వరండాలో పిల్లలకు అందని చోట ఉంచాను.