విమాన దూరం చెప్పే యాప్: గీత సరిగ్గానే గీసింది, దారి చెప్పలేదు

మా అబ్బాయిని ఢిల్లీలో కాలేజీలో చేర్చవలసి రావడంతో, ప్రయాణానికి ఎంతసేపు పడుతుందో ముందే చూసుకుందామని, రెండు ఊళ్ల మధ్య విమాన దూరాన్నీ సమయాన్నీ చూపించే ఉచిత యాప్ ఒకటి ఫోనులో వేసుకున్నాను. అనంతపురం అని కొట్టగానే ఢిల్లీకి 2,200 కిలోమీటర్ల పైచిలుకు చూపించింది. ఇంత దూరమేమిటా అని చూస్తే, అది తిరువనంతపురాన్ని మన ఊరనుకుంది. రాష్ట్రం పేరు కూడా జోడించి వెతికితే 1,540 కిలోమీటర్లు, 2 గంటల 25 నిమిషాలు అని వచ్చింది.

దూరాన్ని తప్పు పట్టలేను. రెండు ఊళ్లూ 77 డిగ్రీల రేఖాంశం దాపునే ఉన్నాయి గనుక, అక్షాంశాల తేడా అయిన సుమారు 13.9 డిగ్రీలను 111తో హెచ్చవేస్తే కాగితం మీదే దాదాపు ఆ అంకె వస్తుంది. సమయం కూడా గంటకు 800 కిలోమీటర్ల వేగం పట్టుకుని, ఎక్కడానికీ దిగడానికీ అరగంట కలిపి వేసిన లెక్కే.

అసలు చిక్కు అనంతపురంలో విమానమెక్కే చోటే లేకపోవడం. దగ్గరి విమానాశ్రయంగా యాప్ పుట్టపర్తిని చూపించింది. అక్కడ రన్‌వే ఉంది గానీ, టికెట్ కొనుక్కుని ఎక్కే రోజువారీ విమానం లేదు. మనకు దిక్కు బెంగళూరు దగ్గర దేవనహళ్లిలోని కెంపేగౌడ విమానాశ్రయమే. అంటే ఉత్తరానికి పోవలసినవాళ్లం ముందు 44వ నంబరు జాతీయ రహదారి మీద పెనుకొండ, బాగేపల్లి, చిక్కబళ్లాపురం మీదుగా సుమారు 180 కిలోమీటర్లు దక్షిణానికి పోవాలి. పటం మీద దేవనహళ్లి నుంచి ఢిల్లీకి గీత గీస్తే అది దాదాపు మన ఊరి నెత్తి మీదుగానే పోతుంది!

తొమ్మిదిన్నర విమానానికి తెల్లవారుజామున నాలుగింటికి కారెక్కాము. కొడికొండ చెక్‌పోస్టు దగ్గర టీ తాగడానికి ఆగిన పది నిమిషాలతో కలిపి మూడుంబావు గంటలు పట్టింది. గాలిలో ఉన్న సమయంతో పాటు రన్‌వే దాకా పాకే సమయం కూడా టికెట్ మీది వేళల్లో కలిసి ఉంటుంది కాబట్టి, ఢిల్లీలో దిగేసరికి పన్నెండు ఇరవై అయింది. ఇంటి గడప నుంచి లెక్కిస్తే 8 గంటల 20 నిమిషాలు.

మరో లోపం, పోవడానికీ రావడానికీ ఒకే సమయం చూపించడం. ఢిల్లీ విషయంలో అది పెద్ద తేడా కాదు. కువైట్‌కు పోయి వచ్చే మన కడప వాళ్లనడిగితే తెలుస్తుంది: పైన వీచే పడమటి గాలికి ఎదురుగా పోయేటప్పుడు ఎక్కువసేపు, ఆ గాలి తోడుగా వచ్చేటప్పుడు తక్కువసేపు పడుతుంది.

ఐదింటికి మూడు మార్కులిస్తాను. దూరం తెలుసుకోవడానికి పనికొస్తుంది గానీ, టికెట్ కొనేముందు ఊరి పేరుకు బదులు బెంగళూరు అని కొట్టి, వచ్చిన సమయానికి ఐదున్నర గంటలు కలుపుకోండి.