బోటు ఖర్చు ఎలా పంచుకుంటే మేలు?

కొత్తపట్నంలో బోటు మాట్లాడుకుని గాలాలతో సముద్రం మీదికి వెళ్లొస్తామని తెలిశాక, ఒంగోల్లో కలిసినవాళ్లు చేపలెన్ని పడ్డాయని అడగడం మానేశారు. "తలా ఎంత పడిందన్నా?" అనే అడుగుతున్నారు. ఆ వెంటనే, "మేమూ ఆరుగురం ఉన్నాం, ఎలా పంచుకుంటే గొడవ రాదు?" అంటారు. నాలుగు పద్ధతులూ చూసినవాణ్ణి కాబట్టి చెప్తున్నాను.

లెక్క తేలికగా ఉండటానికి బోటుకు 6,000, ఐసు, ఎర, టిఫిను కలిపి 1,200 అనుకుందాం. మనుషులు ఆరుగురు. అసలు రేటు దూరాన్ని బట్టి, ఇంజిన్ను బట్టి, అన్నిటికంటే బేరమాడేవాణ్ణి బట్టి మారుతుంది.

అందరికీ తెలిసిన పద్ధతి తలకింత. మొత్తం 7,200, ఆరుగురికీ తలా 1,200. ఒడ్డుకొచ్చాక ఫోన్‌పే కొట్టుకుంటే అయిపోతుంది. ఆరుగురూ వస్తే దీన్ని మించింది లేదు. ఆ ఆరుగురూ వచ్చిన రోజు మాత్రం నాకు గుర్తు లేదు.

పోయిన జనవరిలో తెల్లవారుజామున నాలుగింటికి ఒడ్డున ఉండాలని ఖాయం చేసుకున్నాం. ముందు రోజు రాత్రి పదకొండింటికి ఒకడు, "బావా, ఒళ్లు వెచ్చగా ఉంది" అన్నాడు. ఇంకొకడు అది కూడా అనలేదు, ఫోనే ఎత్తలేదు. బోటాయన అప్పటికే డీజిల్ పోయించి ఉన్నాడు. ఇద్దరు తగ్గారని బోటు డీజిల్ తక్కువ తాగదు కదా. ఉన్న నలుగురం తలా 1,800 ఇచ్చుకున్నాం. డబ్బు పోయిందని కాదుగానీ, ఆ రోజు బోటులో చేపల ముచ్చట్ల కంటే రానివాళ్ల మీద చాడీలే ఎక్కువ నడిచాయి.

అందుకే కొందరు సీటు రేటు పద్ధతికి మారారు. ఒకడు పెద్దరికం తీసుకుని బోటు మాట్లాడతాడు, సీటు 1,300 అని ముందే వసూలు చేస్తాడు. ఆరు సీట్లూ నిండితే 7,800. పైన మిగిలే 600 అతను చేసిన ఫోన్లకీ, తిరిగిన తిరుగుడుకీ. న్యాయమే, నేనైతే ఆ మాత్రానికి మూతి ముడవను. డబ్బు ముందే చేతిలో పడుతుంది కాబట్టి ఎగ్గొట్టేవాడి బెడద ఉండదు. కొత్తవాళ్లతో వెళ్లేటప్పుడు ఇదే నయం.

అయితే నాలుగు సీట్లే నిండితే అతని చేతికి వచ్చేది 5,200. టిఫిను కాస్త తగ్గినా, రెండు వేలకు అటూ ఇటూగా జేబులోంచి పెట్టుకోవాలి. అలాంటప్పుడు మనిషి ఏం చేస్తాడు? ముక్కూ మొహం తెలియనివాణ్ణి ఎక్కిస్తాడు. ఇంకోసారి ఆ నష్టం పూడ్చుకోడానికి ఆరుగురి బోటులో ఏడోవాణ్ణి కుక్కుతాడు. మూడోది ఇంకా చెడ్డది. సముద్రం బాగాలేదని బోటాయన తల అడ్డంగా ఊపినా, "ఏం కాదులే పెద్దాయనా, అందరూ వచ్చేశారు" అని బతిమాలతాడు. మిగతావాళ్లు కూడా, డబ్బు కట్టేశాం కదా అని, అతనికే వంత పాడతారు.

నా లెక్కలో ఏది మేలో తేల్చేది ఈ చోటే. మన దగ్గర ఫైబర్ బోటును ఇసుకలోంచి నెట్టుకుంటూ నీళ్లలోకి దించాలి. లోపలికి పోయాక నీళ్లు ఎంత నెమ్మదిగా ఉన్నా, ఒడ్డు దగ్గర అల విరిగే చోటు దాటడమే కష్టం. అది దాటగలమా లేదా అన్నది ఆ క్షణంలో బోటాయన చూసి చెప్పాల్సిన మాట. ఆ మాటకు డబ్బు అడ్డం రాకూడదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన తీరానికి వాయుగుండాల భయం ఎలాగూ ఉంటుంది. ఆ నెలల్లో ఎవరి వాటా ఎంత అని తేల్చుకునే ముందే, పోకపోతే ఎవరికి ఎంత నష్టం అని తేల్చుకోవాలి.

ఇప్పుడు మేం చేస్తున్నది ఇది. బోటు బాడుగ 6,000 పేరిచ్చిన ఆరుగురి మీదా పడుతుంది, తలా వెయ్యి, మూడు రోజుల ముందే. రానివాడు తన బదులు మనిషిని పంపాలి, లేదా ఆ వెయ్యి వదులుకోవాలి. ఐసు, ఎర, టిఫిను ఖర్చు మాత్రం బోటెక్కినవాళ్లదే. జ్వరం వచ్చినవాడితో ఇడ్లీల డబ్బు కూడా కట్టించడం మరీ అన్యాయం. ఇక సముద్రమే వద్దంటే, అంటే వాతావరణ శాఖ హెచ్చరిక ఉన్నా, బోటాయన చాలన్నా, బాడుగ ఎవరిది వాళ్లకు వెనక్కి. అప్పటికే కొన్న ఐసూ ఎరా తలా కొంచెం భరిస్తాం. బోటాయన పొద్దున్నే లేచి వచ్చినందుకు తలా వంద ఇస్తాం. ఈ మాట ఆయనతోనూ ముందే అనుకుని ఉంటాం. అందుకే ఆయన ఏ మొహమాటం లేకుండా వద్దనగలుగుతున్నాడు. లైఫ్ జాకెట్లకు అద్దె ఉంటే అది బాడుగలోనే కలిపేస్తాం. విడిగా పెడితే "నాకు ఈతొచ్చు" అనేవాడు ఒకడు తయారవుతాడు.

మిగతా రెండు పద్ధతుల గురించి పెద్దగా చెప్పడానికి ఏం లేదు. ఈసారి నేను, వచ్చేసారి నువ్వు అని వంతులేసుకోవడం అన్నదమ్ములకు బాగుంటుంది. పట్టిన చేపల బరువును బట్టి డబ్బు ఇవ్వడమంటే వినడానికి ముచ్చటే. మత్స్యకారులు కూడా వాటాలే వేసుకుంటారు కదా అంటారు. నిజమే, వాళ్లు అమ్మిన డబ్బులో డీజిల్ తీసేసి బోటుకింత, వలకింత, మనిషికింత అని పంచుకుంటారు. కానీ అది వాళ్ల బతుకుతెరువు. మనం సరదాకి పోయి, వంజరం పడ్డవాడి దగ్గర ఎక్కువ గుంజితే వాడు మళ్లీ మన బోటెక్కడు.

ఏ పద్ధతైనా, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఎవరి దగ్గరా అడ్వాన్సు తీసుకోవద్దు. ఆ 61 రోజులూ ఇంజిన్ బోట్లకు వేట నిషేధం. సరిగ్గా మే నెలలోనే హైదరాబాద్ చుట్టాలు దిగి బోటు కావాలంటారు. మామిడికాయ వేసిన చేపల పులుసు పెట్టి పంపండి.

పడ్డ చేపల సంగతి మా దగ్గర వేరే. బోటువాళ్లకు కూరకి తీసి, మిగిలినవి పోగులేసి, ఒకణ్ణి అటు తిప్పి నిలబెడతాం. "ఇది ఎవరికి?" అంటే వాడు పేరు చెప్తాడు. మాగ చేప ఎవరికొచ్చినా, పార చేప ఎవరికొచ్చినా నోరెత్తేది లేదు. అయితే వెయ్యి కట్టి, రాలేకపోయినవాడికి కూడా ఒక పోగు వేయాలా? వేయాలని నేనంటాను. తెల్లవారకముందే లేచి బోటు నెట్టినవాళ్లదే చేప అని మా బావ అంటాడు. దీని మీద మాత్రం మాలో ఇంకా రెండు జట్లే.