సైబీరియా: కీ ఇస్తే నడిచే రైలు, ఆగకుండా మోగే ఫోను

2002లో వచ్చిన సైబీరియా అనే కంప్యూటర్ గేమ్‌ని ఇన్నేళ్ళుగా మళ్ళీ మళ్ళీ ఆడుతూనే ఉన్నాను. మొదట పాత డెస్క్‌టాప్ మీద, తర్వాత ల్యాప్‌టాప్ మీద, ఈ మధ్య మొబైల్లో. ఆడినవాళ్ళ దగ్గర దీని మాటెత్తితే ఎప్పుడూ అవే అభిప్రాయాలు: బొమ్మలు అద్భుతం, నడక విసుగు, పజిళ్ళు తేలిక, మధ్యలో ఆ ఫోన్ కాల్స్ గోల ఎందుకో అర్థం కాదు. మొదటి మూడింటితో నాకు పెద్ద పేచీ లేదు. నాలుగోదాన్ని మాత్రం ఒప్పుకోను. నా దృష్టిలో ఈ కథకి ప్రాణం ఆ ఫోనే.

కథ తెలియనివాళ్ళ కోసం కొంచెం. కేట్ వాకర్ న్యూయార్క్‌లో లాయరు. ఆల్ప్స్ కొండల్లోని వాలడిలెన్ అనే ఊళ్ళో వోరాల్‌బెర్గ్ కుటుంబానికి మరబొమ్మల ఫ్యాక్టరీ ఉంది. దాన్ని ఓ పెద్ద బొమ్మల కంపెనీ కొనేస్తోంది. యజమానురాలు అన్నా చేత సంతకం పెట్టించుకుని వెళ్ళడమే కేట్ పని. తీరా దిగేసరికి వానలో అన్నా శవయాత్ర ఎదురవుతుంది, అందులో నడిచేది కూడా మరబొమ్మలే. అంతటితో ఫైలు మూసేయచ్చు అనుకుంటుండగా, ఎప్పుడో చనిపోయాడని ఊరంతా నమ్మిన అన్నా తమ్ముడు హాన్స్ బతికే ఉన్నాడని ఓ ఉత్తరం బయటపెడుతుంది. అతని సంతకం లేనిదే అమ్మకం జరగదు. అతనేమో ఎక్కడో తూర్పున, మామత్‌ల (ఎప్పుడో అంతరించిన, ఒళ్ళంతా జుట్టున్న ఏనుగుల) కోసం వెతుక్కుంటూ తిరుగుతున్నాడు. ఇక కీ ఇస్తే కదిలే రైలు ఒకటి, దాన్ని నడిపే ఆస్కర్ అనే ఆటోమేటన్ (మరబొమ్మ) ఒకటి, కేట్ ప్రయాణం మొదలు.

ఆస్కర్ గురించి ఒక్క మాట. "రోబో" అంటే ఊరుకోడు, తాను ఆటోమేటన్‌నని దిద్దుతాడు. టికెట్ లేకపోతే రైలు కదలదు, కాగితాల మీద ముద్ర లేకపోయినా కదలదు. మన తహసీల్దారు ఆఫీసులో ఫైలు పట్టుకుని నిలబడ్డవాళ్ళెవరైనా ఇతన్ని వెంటనే గుర్తుపడతారు. అయినా వాడి మీద కోపం రాదు. గేమ్‌లో నన్ను ఎక్కువ నవ్వించింది ఈ ఇనప మనిషే.

ఇప్పుడు ఫోన్ దగ్గరికి. కేట్ ఏ పనిలో ఉన్నా అది మోగుతుంది. బాస్ మార్సన్ ఇంకా సంతకం కాలేదా అని విరుచుకుపడతాడు. పెళ్ళాడబోయే డాన్‌కి తన పార్టీలో ఆమె పక్కన లేదన్న బాధ తప్ప ఆమె ఎక్కడుందో పట్టదు. స్నేహితురాలు ఒలీవియా కబుర్లు, అమ్మ సొంత గొడవలు. మొదటిసారి ఆడినప్పుడు నేనూ వీటిని గబగబా క్లిక్ చేసి దాటేశాను. నిదానంగా వింటే మాత్రం కేట్ గొంతు మారడం తెలుస్తుంది. మొదట్లో ప్రతి ఒక్కరికీ సంజాయిషీ చెప్పుకుంటుంది, తొందర్లోనే వచ్చేస్తానంటుంది. రైలు తూర్పుకి సాగేకొద్దీ జవాబులు పొట్టివవుతాయి. తను చూసిన వింతలు చెప్పబోయి, అవతల వినేవాళ్ళు లేరని ఆపేస్తుంది. (ఇక్కడి నుంచి కొన్ని మలుపులు బయటపెడుతున్నాను. ఆడబోయేవాళ్ళు తర్వాతి పేరా వదిలేయండి.)

డాన్‌తో తన వ్యవహారాన్ని ఒలీవియా ఫోన్లోనే ఒప్పుకుంటుంది. సినిమాలో అయితే ఏడుపులు, అరుపులు, నేపథ్య సంగీతం ఉండేవి. ఇక్కడ అవేవీ లేవు. కేట్ వింటుంది, దాదాపు ప్రశాంతంగా మాట్లాడుతుంది, మళ్ళీ తన పనిలో పడుతుంది. ఆమె ఆ జీవితం నుంచి ఎప్పుడో దిగిపోయిందని, ఇప్పుడు వచ్చింది వార్త మాత్రమేనని అప్పుడు తెలిసింది నాకు. చివర్లో ఆమె తీసుకునే నిర్ణయం హఠాత్తుగా ఉందని చాలామంది అంటారు. ఫోన్ కాల్స్ దాటేస్తే నిజంగానే హఠాత్తుగా ఉంటుంది. వింటూ వచ్చినవాళ్ళకి మాత్రం ఇంత ఆలస్యం ఎందుకైందనిపిస్తుంది.

ఆ ఫోన్ పజిల్‌లోకీ వస్తుంది. కోమ్‌కోల్జ్‌గ్రాడ్ అనే పాడుబడ్డ సోవియట్ కార్ఖానాలో బొరొదిన్ అనే మాజీ డైరెక్టరు ఉంటాడు. హెలెనా రొమాన్‌స్కీ అనే గాయని తన కార్ఖానాకి వచ్చి పాడాలన్నది అతని పిచ్చి. అందుకోసం ఆస్కర్ చేతులే ఊడబీకి తీసుకుపోయాడు. ఆ గాయని ఎక్కడుందో తెలిసేది న్యూయార్క్‌లో అమ్మకి కొత్తగా పరిచయమైన ఓ స్నేహితుడి వల్ల. అంతసేపూ చికాకు పెట్టిన అమ్మ కబుర్లు దారి చూపించాయన్నమాట. ఇలాంటి ముడి ఇంకో రెండు చోట్ల పడుంటే పజిళ్ళ మీద ఇన్ని ఫిర్యాదులు ఉండేవి కావు.

పజిళ్ళు నిజంగానే తేలిక. చాలావరకు ఇక్కడి వస్తువు తీసి అక్కడ పెట్టడమే. సంచిలో ఉండేవి తక్కువ, చావడం లేదు, ఓడిపోవడం లేదు. వాలడిలెన్‌లో ఆస్కర్‌కి కాళ్ళు తయారుచేయించే పని, అరల్‌బాద్ హోటల్లో సరైన కాక్‌టెయిల్ ఇచ్చి హెలెనా గొంతు తిరిగి రప్పించే పని, ఈ రెండూ నాకు నచ్చాయి. కథకీ పజిల్‌కీ మధ్య అతుకు కనపడదు వాటిలో. బరాక్‌స్టాడ్ యూనివర్సిటీలో కోకిలల తతంగం మాత్రం ఎన్నిసార్లు ఆడినా విసుగే. తార్కికంగా ఆలోచించేవాడికి అక్కడ దొరికేది ఏమీ లేదు, తెర మొత్తం కర్సర్‌తో తడుముకోవాల్సిందే.

నడక విషయంలో ఆటగాళ్ళు తిట్టేదాంట్లో అతిశయోక్తి లేదు. స్టేషన్ నుంచి యూనివర్సిటీకి, అక్కడి నుంచి కాలవ దగ్గరి పడవకి, మళ్ళీ వెనక్కి. డబుల్ క్లిక్ చేస్తే పరిగెడుతుంది కానీ మెట్ల దగ్గర మళ్ళీ నెమ్మదే. చేయడానికి ఏమీ లేని తెరలు బోలెడు. ఎటైనా నొక్కితే "అటు వెళ్ళాల్సిన పనేం లేదు" అంటుంది కేట్. ఆ వాక్యం పాత ఆటగాళ్ళ మధ్య జోకైపోయింది. ఖాళీ తెరలు ఒంటరితనం చూపించడానికే అని వాదించేవాళ్ళున్నారు. మొదటిసారి వెళ్ళినప్పుడు ఒప్పుకుంటాను. అదే వంతెన నాలుగోసారి దాటుతున్నప్పుడు అది ఒంటరితనం కాదు, సాగదీత.

అయినా ఎందుకు భరిస్తామంటే ఆ తెరలు గీసినవాడి వల్ల. బెన్వా సోకాల్ బెల్జియం కామిక్స్ చిత్రకారుడు. గేముల్లోకి రాకముందే డిటెక్టివ్ బాతు కనార్డో కథలతో పేరు తెచ్చుకున్నాడు, 1999లో అమెర్‌జోన్ అనే గేమ్ చేశాడు. 2021లో చనిపోయాడు. గాజు కప్పు కింద పక్షులు ఎగిరే స్టేషన్, తుప్పుపట్టిన ఇనప కార్మికుడి విగ్రహం లాంటి ఆటోమేటన్, ఉప్పు పేరుకున్న తీరాన అరల్‌బాద్‌లో ఎవరూ రాని హోటల్. నేపథ్యాలన్నీ ముందే గీసిన చిత్రాలు, పాత్రలు మాత్రమే త్రీడీ. అందుకే పాత్రల ముఖాలు పాతబడిపోయినా చిత్రాలు ఇంకా నిలబడ్డాయి. పెద్ద మానిటర్ మీద కాస్త మసకగా కనపడతాయి, చిన్న తెర మీదే ముద్దుగా ఉంటాయి. మొబైల్లో ఆడటం అందుకే నాకు నచ్చింది. కాకపోతే చిన్న వస్తువులు వేలికి అందక రెండు మూడుసార్లు నొక్కాల్సి వస్తుంది.

తెలుగు సబ్‌టైటిళ్ళు లేవు, వస్తాయన్న ఆశా లేదు. ఇంగ్లీషు సబ్‌టైటిళ్ళు పెట్టుకుంటే సంభాషణలు అందుతాయి, కష్టమైన భాషేం కాదు. అన్నా డైరీ, ఉత్తరాలు మాత్రం ఓపిగ్గా చదవాలి. హాన్స్ చిన్నప్పుడు మామత్ బొమ్మ కోసం గుహలో పడి దెబ్బతిన్న కథంతా వాటిలోనే ఉంది. అది వదిలేస్తే అతని కోసం ఎందుకు తిరుగుతున్నామో మనకే పట్టదు.

మరో ఫిర్యాదు, ముగింపు సగంలో తెగినట్టుంటుందని. ఉంటుంది మరి. సోకాల్ ఒకే కథగా అనుకున్నదాన్ని రెండు గేములుగా విడగొట్టారు, రెండోది 2004లో వచ్చింది. అందులో పజిళ్ళు గట్టివి, మంచు ఎక్కువ, ఇనాన్ జుర్ సంగీతం బాగుంటుంది, ఫోన్ మాత్రం వెనక్కి పోయింది. ఆ లోటు నాకు తెలిసింది. 2017లో వచ్చిన మూడోదాన్ని ఆడమని నేను ఎవరికీ చెప్పను. 2022లో వచ్చిన ద వరల్డ్ బిఫోర్ మాత్రం ఆడదగ్గదే, అయితే మొదటి రెండూ అయ్యాకే.

మెదడుకి పదును పెట్టే పజిళ్ళు కావాలంటే ఇది మీది కాదు. కథ కోసం ఆడేవాళ్ళయితే ఒకటి, రెండు కలిపే కొనుక్కోండి, తరచూ తక్కువ ధరకే వస్తుంటాయి. మొదటిది సుమారు పది గంటల పని. ఒకే రాత్రి కూర్చోకుండా ఊరికొక రోజు పెట్టుకుంటే నడక విసుగు సగం తగ్గుతుంది. ఫోన్ మోగినప్పుడు మౌస్ మీంచి చెయ్యి తీసేయండి.