గైడ్ డాగ్ బూట్లు: ఏళ్ల తరబడి వాడాక నా మాట

నాకు చూపు లేదు. నాకు దారి చూపే లాబ్రడార్ కుక్క పనిలో చేరిన కొత్తలోనే దానికి బూట్లు అలవాటు చేశాను. రబ్బరు అడుగు, పైన గాలాడే బట్ట, వెల్క్రో పట్టీ ఉన్న రకం. కొన్నందుకు బాధ లేదు. కానీ ఇవి తొడిగితే ఇక టెన్షన్ లేదని ఎవరైనా చెబితే నమ్మకండి.

గాలి 30 డిగ్రీలే ఉన్నా ఎండలో తారు రోడ్డు 50 దాటిపోగలదు. చెప్పులు వేసుకున్న మనకు అది తెలియదు. ఖాళీగా తిరిగే కుక్కయితే నీడకు పరిగెడుతుంది. హార్నెస్‌లో (నేను పట్టుకునే హ్యాండిల్ ఉన్న ఒంటి పట్టీలు) ఉన్న కుక్క కాలు కాలుతున్నా పని మానకపోవచ్చు. అందుకే బయల్దేరే ముందు చేతి వెనక వైపు నేలకు ఆనించి ఏడు సెకన్లు ఉంచుతాను. ఉంచలేకపోతే బూట్లు, వీలుంటే ప్రయాణమే సాయంత్రానికి వాయిదా. నా ఓటు రెండోదానికే.

కొలత కుక్క నిలబడి ఉండగా తీసుకోవాలి, బరువు పడితే పాదం విచ్చుకుంటుంది కదా. ముందు పాదాలు సాధారణంగా వెనకవాటికంటే పెద్దవి, కాబట్టి నాలుగూ ఒకే సైజు వద్దు. మొదట్లో కాళ్లు ఎత్తెత్తి వేస్తుంది, చూసినవాళ్లు నవ్వుతారు. ఇంట్లో కాసేపు కాసేపు తొడిగి, నడక మామూలయ్యాకే హార్నెస్ వేయండి.

పెట్టె మీద ఎవరూ రాయని సుగుణం ఒకటుంది, చప్పుడు. నాలుగు బూట్లూ ఉంటే అడుగులు మెత్తగా, సమంగా వినిపిస్తాయి. ఒకటి ఊడిందా, గోళ్ల టకటక మొదలవుతుంది. కుంటితే హ్యాండిల్ ఊపులోనే నా చేతికి తెలిసిపోతుంది.

ఇక అసలు చిక్కు చెమట. కుక్కలకు చెమట పట్టేది ముఖ్యంగా పాదాల మెత్తల్లోనే. బూటు అలాగే ఉంచేస్తే లోపలంతా తడిసి, వేళ్ల సందుల్లో చర్మం నానుతుంది, తర్వాత అదే పనిగా నాకడం. మేం ఎక్కడ కూర్చున్నా ముందు బూట్లు విప్పేస్తాను. ఇంటికొచ్చాక తుడిచి, ఒక్కో వేలి సందూ తడిమి, వాసన కూడా చూస్తాను. పుల్లటి వాసన వచ్చినా, ముట్టుకోగానే కాలు లాక్కున్నా ఆ రోజుకు హార్నెస్ లేదు, పశువుల డాక్టర్ దగ్గరికే. గోళ్లు పెరిగితే బూటులో వేలు వంకరపోతుంది, అదీ చూసుకోవాలి.

వెల్క్రోలో వెంట్రుకలు ఇరుక్కుని పట్టు పోతుంది. అప్పుడు ఇంకా బిగించాలనిపిస్తుంది, బిగిస్తే కాలి లోపలివైపు పైకి ఉండే గోరు దగ్గర ఒరుసుకుంటుంది. దువ్వెనతో వెంట్రుకలు లాగేయండి, అయినా పట్టకపోతే పారేయండి. అడుగు అరిగి నున్నబడ్డ బూటు కూడా అంతే, తడి గచ్చు మీద జారుతుంది. ఎస్కలేటర్ దగ్గర మాత్రం బూట్లున్నా నేను లిఫ్టే వెతుక్కుంటాను.

మా దానికి ముందు కాళ్లవే త్వరగా అరుగుతున్నాయి, గోళ్లు తగిలే కొస దగ్గర. జతలు విడిగా అమ్మే కంపెనీవే కొనండి. నాలుగూ కలిపి కొన్న సెట్లలో వెనకవి మా ఇంట్లో దాదాపు కొత్తగానే పడి ఉన్నాయి.