అక్టోబరులో బెర్ముడా క్రూజ్: ఓడ ఊగిన రోజులు ఎలా గడిచాయంటే

న్యూయార్క్ నుంచి అట్లాంటిక్‌లోని బెర్ముడా దీవికి క్రూజ్‌లో వెళ్దామనుకుంటున్నాం, ఎలా ఉంటుంది అని ఎవరైనా అడిగితే ముందు నేను అడిగేది ఏ నెలలో అని. మే చివరో, జూనో అయితే దిగబోయే ఊరి గురించి మాట్లాడుకోవచ్చు. అక్టోబరు అయితే మాత్రం ఓడ గురించి, గది గురించి, మందుల గురించి ముందు మాట్లాడుకోవాలి.

మేం వెళ్లింది అక్టోబరు చివర్లో. అమ్మానాన్న న్యూజెర్సీలోని ఎడిసన్‌లో మా దగ్గరే ఉన్నారు, ఇండియా వెళ్లిపోయేలోపు ఒక్కసారైనా ఓడ ఎక్కించాలని నా కోరిక. (విజిటర్ వీసా మీద వచ్చిన పెద్దవాళ్లని తీసుకెళ్లేటప్పుడు అది మల్టిపుల్ ఎంట్రీ వీసాయేనా, గడువు ఉందా అని టికెట్ కొనేముందే చూసుకోండి. బెర్ముడా అమెరికాలో భాగం కాదు, తిరిగి రావడమంటే మళ్లీ అమెరికాలోకి కొత్తగా వచ్చినట్టే.)

దూరం పన్నెండు వందల కిలోమీటర్ల పైమాటే. దారిలో గల్ఫ్ స్ట్రీమ్ దాటాలి. దక్షిణం నుంచి ఈశాన్యంగా పరుగెత్తే వెచ్చటి ప్రవాహం అది. శరదృతువులో చల్లగాలులు ఉత్తరం నుంచి మొదలవుతాయి. ప్రవాహం ఒకవైపు, గాలి దానికి ఎదురు. అలాంటప్పుడు అలలు నిటారుగా, దగ్గర దగ్గరగా లేస్తాయి. అట్లాంటిక్ హరికేన్ సీజన్ కూడా జూన్ 1 నుంచి నవంబరు 30 దాకా ఉంటుంది. సెప్టెంబరు 10 ప్రాంతంలో ఉధృతి ఎక్కువ, అక్టోబరు నాటికి తగ్గుతుంది కానీ పూర్తిగా పోదు.

వెళ్లేటప్పుడు ఎదురుగాలి, ఓ మోస్తరు ఊపు. అసలు పరీక్ష తిరుగు ప్రయాణంలో ఎదురైంది. మధ్యాహ్నం కెప్టెన్ మైకులో, గాలి బలాన్ని కొలిచే బ్యూఫోర్ట్ స్కేలు మీద 8 అన్నాడు, అంటే గాలి వేగం గంటకి 62 నుంచి 74 కిలోమీటర్లు. బయటి డెక్ తలుపులన్నీ మూసేశారు. ఈతకొలనులో నీళ్లు ఓ గట్టు నుంచి ఇంకో గట్టుకి ఎగిసిపడుతుంటే ఖాళీ చేశారు. లిఫ్టుల పక్కన రెయిలింగులకి కాగితం సంచులు వేలాడదీశారు. వాంతి వస్తే పట్టుకోవడానికన్నమాట.

ఇక్కడ గది గురించి గట్టిగా చెప్పాలి. ఓడ పక్కలకి ఒరుగుతుంది, ముక్కు లేచి పడుతుంది కూడా. పక్కలకి ఒరగడాన్ని నీటి అడుగున రెక్కల్లా తెరుచుకునే స్టెబిలైజర్లు చాలావరకు ఆపుతాయి. ముక్కు లేచి పడటాన్ని మాత్రం అవి పెద్దగా ఆపలేవు. పార్కులో సీ-సా ఊగుడు బల్ల మీద చివర కూర్చున్న పిల్లాడికే ఎత్తుపల్లాలన్నీ, నడిమధ్య కూర్చుంటే తెలియనే తెలియదు. ఓడలోనూ అంతే. మాది ముందు వైపు, పై డెక్‌లో బాల్కనీ గది. అమ్మానాన్నలది నడిమధ్య, కింది డెక్‌లో కిటికీ గది. డబ్బు మా గదికి ఎక్కువ, నిద్ర వాళ్ల గదిలో ఎక్కువ. అల ముక్కుకి తగిలినప్పుడల్లా మా మంచం కింద ధనామని చప్పుడు, బాల్కనీ తలుపు సందులోంచి ఈల. పైగా ఆ బాల్కనీలోకి వెళ్లొద్దని చెప్పేశారు.

అమ్మానాన్నల గది చూసుకునే అబ్బాయి గోవావాడు. ఆ సాయంత్రం వచ్చి, ఎవరూ అడగకుండానే అలమరలో ఖాళీ హ్యాంగర్లన్నీ తీసి అరలో పడుకోబెట్టాడు. రాత్రంతా ఒకదానికొకటి కొట్టుకోకుండా. ఒక చేతి తువ్వాలు మడిచి అలమర తలుపు సందులో కుక్కాడు, కిర్రుమనకుండా. నీళ్ల సీసా బల్ల మీద నుంచి తీసి దిండు పక్కన పెట్టి, "ఆంటీజీ, లేవాలంటే ముందు గోడ పట్టుకోండి, తర్వాత లేవండి" అని హిందీలో చెప్పి వెళ్లాడు. అమ్మకి హిందీ అంతంతమాత్రమే, అయినా పూర్తిగా అర్థమైంది. ఓడ దిగేరోజు ఆ అబ్బాయికి విడిగా టిప్ ఇచ్చాం, అతని పేరు రాసి రివ్యూ కూడా ఇచ్చాం. ఆ పని అందరూ చెయ్యాలి, పై అధికారులు చూసేది అదే.

పగలు గడపడానికి మాకు బాగా కుదిరింది మధ్య డెక్‌లో కాఫీ దొరికే చోటు. కిటికీలోంచి సముద్రం, ఆకాశం కలిసే గీత కనిపిస్తుంది. కళ్లకి ఒకటి, లోపలి చెవికి ఇంకొకటి తెలియడం వల్లే తల తిప్పుతుంది కాబట్టి, ఆ గీత చూస్తూ కూర్చుంటే చాలామందికి నయంగా ఉంటుంది. నాన్న అక్కడే పేక ముక్కలు తీశారు. పక్క టేబులు వాళ్లు ఒహాయో నుంచి వచ్చిన వృద్ధ దంపతులు, ఆయన వచ్చి రమ్మీ నేర్పమన్నాడు. సాయంత్రానికి నాన్న ఆయనకి సీక్వెన్స్ ఎందుకు ముందు కట్టాలో ఇంగ్లీషులో వివరిస్తున్నారు. థియేటరు ఓడ ముక్కు దగ్గర ఉంది, షో ఎలాగూ రద్దయింది. దాని బదులు పెట్టినవి బింగో, పెయింటింగుల వేలం, నగల అమ్మకం. జనం బయటికి పోలేని రోజున వాళ్ల పర్సుల మీద పడటం నాకు అస్సలు నచ్చలేదు. ఓ మంచి సినిమా వేసినా సంతోషించేవాళ్లం.

తిండి విషయంలో, పై డెక్ బఫే కన్నా కింది డైనింగ్ హాలు మేలు. ఎత్తు పెరిగేకొద్దీ ఊపూ పెరుగుతుంది. ముందురోజు రాత్రే హెడ్ వెయిటర్‌కి చెబితే మర్నాటికి పప్పు, కూర, అన్నం విడిగా చేయించాడు. ఉప్పు కాస్త తక్కువ, అంతే. పొద్దున బఫేలో సాదా పెరుగు, తెల్లన్నం అడిగి తెచ్చుకుంటే అమ్మకి పెరుగన్నం అయిపోయింది. ఊగే రోజు ఖాళీ కడుపుతో ఉండకూడదు, నూనె వంటలు తినకూడదు. ఆకుపచ్చ యాపిల్, ఉప్పు బిస్కెట్లు, అల్లం మురబ్బా పనికొచ్చాయి.

మందులు మాత్రం కళ్లు తిరగడం మొదలయ్యాక వేసుకుంటే పెద్దగా లాభం లేదు. కెప్టెన్ చెప్పగానే వేసుకోవాలి. మెక్లిజిన్ మాత్రలు మేమెక్కిన ఓడలో రిసెప్షన్‌లో ఊరికే ఇచ్చారు, నిద్ర ముంచుకొస్తుంది. మనవాళ్లు ఇండియా నుంచి తెచ్చుకునే అవోమిన్‌కీ మత్తు ఉంటుంది, కాబట్టి రెండూ కలిపి వేసుకోకండి. చెవి వెనక అంటించే స్కోపొలమిన్ ప్యాచ్‌కి ప్రిస్క్రిప్షన్ కావాలి. గ్లాకోమా (కంట్లో ఒత్తిడి పెరిగే జబ్బు), ప్రోస్టేట్ ఇబ్బందులున్న పెద్దవాళ్లకి డాక్టర్ని అడగకుండా అది అంటించొద్దు.

బెర్ముడా సంగతి క్లుప్తంగా చెబుతాను. చుట్టూ పగడపు దిబ్బలు, మధ్యలో ఓడ పట్టే దారి సన్నం, గాలి ఎక్కువుంటే ఓడకి దారి చూపే స్థానిక పైలట్ లోపలికి తీసుకురాడు. 1609లో సీ వెంచర్ అనే ఓడ తుఫానులో చిక్కి ఆ దిబ్బల మీదికే ఎక్కింది. అందులోంచి బతికి బయటపడ్డవాళ్లతోనే ఆ దీవిలో జనావాసం మొదలైంది. మా ఓడ పొద్దున చేరాల్సింది మధ్యాహ్నం దాటాక అక్కడి పాత నేవీ డాక్‌యార్డు రేవుకి చేరింది. ఆలస్యం తప్పదని రాత్రే తెలిసినా, చెప్పింది మాత్రం తెల్లారాక. పిల్లలు అప్పటికే ఈత బట్టలేసుకుని కూర్చున్నారు. ఓడ ద్వారా బుక్ చేసిన టూర్ డబ్బు వాపసొచ్చింది. బయట బుక్ చేసుకున్నవాళ్లు ఆ టూర్ వాళ్లతో తామే తేల్చుకోవాలి. దిగాక మాత్రం రాజధాని హామిల్టన్‌కి ఫెర్రీ, గులాబీ రంగు బస్సులో హార్స్‌షూ బే బీచ్, రెండూ హాయిగా ఉన్నాయి. నేవీ కోటలోని మ్యూజియానికి సమయం సరిపోలేదు.

వచ్చే ఏడాది అత్తయ్యగారు, మామయ్యగారు వస్తున్నారు. వాళ్లని జూన్‌లో తీసుకెళ్తాం. గదులు రెండూ నడిమధ్యే, కింది డెక్‌లోనే తీసుకుంటాం, బాల్కనీకి పెట్టే డబ్బు ట్రావెల్ ఇన్సూరెన్సుకి పెడతాం. ఓడలో డాక్టరుంటాడు కానీ బిల్లు మన దగ్గరే వసూలు చేస్తారు, పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు ఇన్సూరెన్సు ఒక్కటీ మానకండి.