ఇంట్లో కట్టుకున్న మ్యూజిక్ ప్లేయర్: నా గొడవంతా జాక్‌తోనే

సొంతంగా మ్యూజిక్ ప్లేయర్ కట్టుకుందామనుకునేవాళ్ళు నన్ను మొదట అడిగేది ఎప్పుడూ ఒకటే: "డాక్ ఏది పెట్టావ్?" డాక్ అంటే ఫైల్లోని అంకెల్ని ధ్వని సిగ్నల్‌గా మార్చే చిప్పు. నేను పీసీఎం5102ఏ పెట్టాను. ఊదారంగు బోర్డు, అందరూ పెట్టేదే. చాలాకాలంగా వాడుతున్నాను, దాని మీద నాకే ఫిర్యాదూ లేదు. ఇయర్‌ఫోన్ పిన్ను దూర్చే కన్నం, అదే జాక్, ఎలాంటిదని మాత్రం ఇంతవరకూ ఎవరూ అడగలేదు. నన్ను ఏడిపించుకు తిన్నది అదే.

నేను వినేదంతా విశాఖ సిటీ బస్సులోనే. మద్దిలపాలెంలో ఎక్కితే మళ్ళీ కూర్మన్నపాలెంలో దిగడం. ఫోన్లో వినొచ్చుగా అంటారు. ఫోనుకి జాక్ లేదు, పైగా చరణం మధ్యలో ఆఫీసు కాలొస్తుంది. ప్లేయర్ కట్టుకోడానికి నాకు ఆ కారణాలు చాలు.

డాక్ బోర్డు మీద కూడా ఓ జాక్ ఉంటుంది. దాన్ని చూసి ఇయర్‌ఫోన్ పెట్టేసుకోవచ్చు అనుకోకండి, అది లైన్ అవుట్, అంటే వేరే యాంప్‌కి సిగ్నల్ ఇవ్వడానికే. చిప్పు 2.1 వోల్టులు ఇస్తుంది గానీ 1 కిలో ఓమ్ (వెయ్యి ఓమ్‌లు) కన్నా తక్కువ లోడు వెయ్యొద్దని డేటాషీట్‌లోనే, అంటే తయారీ కంపెనీ ఇచ్చే వివరాల పత్రంలోనే, ఉంది. మన ఇయర్‌ఫోన్లేమో 16, 32 ఓమ్‌లు. అదే డేటాషీట్ సర్క్యూట్లో అవుట్‌పుట్ దారిలో 470 ఓమ్‌ల రెసిస్టరు కూడా ఉంది. ఆ లెక్కన 32 ఓమ్‌ల ఇయర్‌ఫోన్‌కి చేరేది సుమారు 0.13 వోల్టు. పాట వస్తుంది గానీ బలం ఉండదు. మధ్యలో హెడ్‌ఫోన్ యాంప్ ఉండాల్సిందే.

ఆ యాంప్ దగ్గర కూడా ఒక తిరకాసుంది. డాబాగార్డెన్స్‌ ఎలక్ట్రానిక్స్ కొట్లలో "చిన్న యాంప్ బోర్డు ఇవ్వండి" అంటే చాలాసార్లు చేతిలో పెట్టేది పీఏఎం8403. 3 వాట్లు, చవక, కానీ స్పీకర్ల కోసం చేసింది. దాని ఎడమ మైనసు, కుడి మైనసు వేరువేరు, ఆ రెండూ కలపకూడదు. ఇయర్‌ఫోన్ జాక్‌లో గ్రౌండు ఒక్కటే, కాబట్టి కలపక తప్పదు. అందుకని "హెడ్‌ఫోన్ యాంప్" అని నొక్కి అడిగి, జాక్ దాని మీదే అతికించి ఉన్న బోర్డు ఒకటి తెచ్చుకున్నాను. అది పలికినంతకాలం బ్రహ్మాండంగా పలికింది. వాయిద్యాలు ఏది ఎక్కడుందో వేలు పెట్టి చూపించొచ్చు అన్నట్టుండేది.

ఒకరోజు బస్సు గురుద్వారా దాటాక పాటలో గొంతు మాయమైంది. వయొలిన్లు ఉన్నాయి, కోరస్ ఉంది, తబలా ఎక్కడో దూరంగా ఉంది, పాడే మనిషి మాత్రం లేదు. గొంతు ఉండాల్సిన చోట దాని ప్రతిధ్వని ఒక్కటీ బావిలోంచి వచ్చినట్టు వస్తోంది. పిన్నుని కొంచెం తిప్పితే గొంతు తిరిగొచ్చింది. ఎన్ఏడీ ఫ్లైఓవర్ ఎక్కేసరికి మళ్ళీ పోయింది. సరే, ఏదో రికార్డింగు గోల అనుకుని ఘంటసాల ఫోల్డర్ పెట్టాను. అసలేమీ లేదు. స్క్రీన్ మీద పాట పేరుంది, సెకన్లు కదులుతున్నాయి, చెవిలో మాత్రం చప్పుడు లేదు.

ఇంటికొచ్చి మా బావమరిది చేతిలో పెట్టాను. శ్రీకాకుళం మనిషి, కంప్యూటర్లు బాగుచేస్తాడు. కాసేపు విని, "ఏటి బావా, మిగతావోళ్ళకి గొంతే పోనాది, ఘంటసాలకి బేండుతో సహా పోనాది. కార్డు కరెప్టయిపోయినట్టుంది" అన్నాడు. పాటలున్న మెమరీ కార్డు తీసి ల్యాప్‌టాప్‌లో పెడితే అన్నీ శుభ్రంగా పాడుతున్నాయి.

అసలు సంగతి పట్టిచ్చింది ఘంటసాలే. ఆ కాలం రికార్డింగులు దాదాపు అన్నీ మోనో, అంటే ఎడమకీ కుడికీ వెళ్ళేది ఒకటే సిగ్నల్. జాక్‌లో గ్రౌండు తెగిందనుకోండి, రెండు ఇయర్‌ఫోన్లూ ఎడమ తీగకీ కుడి తీగకీ మధ్య సిరీస్‌లో పడతాయి. అప్పుడు చెవికి వినపడేది ఆ రెండు సిగ్నళ్ళకీ ఉన్న తేడా మాత్రమే. స్టీరియో పాటలో గొంతుని రెండువైపులా సమానంగా పెడతారు, తేడా సున్నా కాబట్టి అది పోతుంది. పక్కలకి పంచిన వాయిద్యాలు మిగులుతాయి. మోనోలో అంతా సమానమే, ఇంక మిగలడానికేముంది? అంత చిరాకులోనూ ఇది అర్థమయ్యాక కాస్త ముచ్చటేసిన మాట నిజం. మీ ప్లేయర్‌కి ఎప్పుడైనా ఇలా అయితే కార్డు జోలికి వెళ్ళకుండా ముందో పాత మోనో పాట పెట్టి చూడండి.

పెట్టె విప్పి భూతద్దంలో చూస్తే జాక్ గ్రౌండు కాలి దగ్గర సోల్డరు వెంట్రుకవాసి పగిలి ఉంది. దాని కింద రాగి ప్యాడు ఓ అంచున పైకి లేచింది. జాక్ లోపల స్ప్రింగు రేకు మీద పచ్చటి పొర కట్టింది. మాది పెదవాల్తేరు. గేటు బందులు, ఏసీ బయటి యూనిట్ స్క్రూలు, సైకిల్ చైను, దేన్నీ వదలని ఉప్పుగాలి దీన్ని వదుల్తుందా! కానీ తప్పంతా గాలి మీదకి తోసెయ్యలేను. ఆ జాక్‌ని బోర్డు మీద నిలబెట్టేది నాలుగు చిన్న సోల్డరు చుక్కలే. జేబులో పెట్టుకుని కూర్చున్నా, సీట్లోంచి లేచినా, కిటికీ పక్కకి జరిగినా పిన్ను మీద పడ్డ వంపంతా నేరుగా ఆ చుక్కల మీదకే పోతుంది. టేబుల్ మీద వాడుకునే బోర్డుకి ఇది నప్పుతుంది. జేబులో పెట్టుకోమని అమ్మే బోర్డుకి ఇలాంటి జాక్ పెట్టినవాళ్ళు దాన్ని జేబులో పెట్టి చూసి ఉండరు.

మళ్ళీ సోల్డరు వేస్తే కొన్నాళ్ళు ఆగింది, తర్వాత ప్యాడు పూర్తిగా ఊడొచ్చింది. అప్పుడు ప్యానెల్ మౌంట్ జాక్ తెచ్చాను. దాని మెడకి మరలుంటాయి, పెట్టె గోడకి చిల్లు పెట్టి బయట నట్టు బిగించడమే. అక్కణ్ణుంచి యాంప్ బోర్డుకి మూడు మెత్తటి తీగలు. ఇప్పుడు లాగినా వంచినా బరువు పడేది పెట్టె మీద, సోల్డరు దాకా వెళ్ళదు. రెండు టీల డబ్బులు పెట్టే వస్తువు అది. బిగించిన తర్వాత ఇంతవరకూ ఏ పాటలోనూ గొంతు పోలేదు. అప్పుడప్పుడు పిన్నుకి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ రాసి నాలుగుసార్లు దూర్చి తీస్తాను, లోపలి రేకు కూడా శుభ్రపడుతుంది. నాది ప్లాస్టిక్ పెట్టె కాబట్టి సరిపోయింది. లోహపు పెట్టె వాడేవాళ్ళు మాత్రం ఒకటి చూసుకోవాలి. చాలా ప్యానెల్ జాక్‌లలో ఆ మెడే గ్రౌండు. ఇయర్‌ఫోన్ గ్రౌండుని బ్యాటరీ మైనసుకి కలపకుండా వోల్టేజి మధ్యలో నిలబెట్టే వర్చువల్ గ్రౌండు యాంప్ అయితే, పెట్టెకి బ్యాటరీ మైనసు తగులుతుంటే షార్టే.

ఇక ఇలాంటి ప్లేయర్‌ని నడిపించే చిన్న కంప్యూటర్ బోర్డు, రాస్‌బెర్రీ పై జీరో 2 డబ్ల్యూ. కొత్తలో కనిపించిన వాళ్ళందరికీ అదే తీసుకోమని చెప్పాను. ఇప్పుడూ కాదనను గానీ, పాట వాయించడానికి నాలుగు ప్రాసెసర్ కోర్లు దండగ. పాత జీరో డబ్ల్యూలో ఉన్న ఒక్క కోరూ ఈ పనికి చాలు, బ్యాటరీకీ కాస్త ఊపిరాడుతుంది. స్విచ్చి వేశాక లినక్స్ లేచి పాట మొదలెట్టేసరికి సత్యం జంక్షన్ వచ్చేస్తుంది, ఈ రెండిట్లో ఏ బోర్డయినా ఆ తిప్పలు తప్పవు. పాడుతుండగా చార్జింగు పెడితే, బ్యాటరీని చార్జ్ చేసే టీపీ4056 బోర్డులో "నిండింది" లైటు వెలగనే వెలగదు. చార్జింగు కరెంటు పదో వంతుకి పడితేనే అది ఆపుతుంది, ప్లేయర్ లాగే కరెంటు దాన్ని అంత కిందకి పడనివ్వదు. కాబట్టి ఆపేసి చార్జింగు పెట్టుకోవడమే.

నాలా తీగ ఇయర్‌ఫోన్లతో, సముద్రం పక్కన, రోజూ బస్సులో తిరిగేవాళ్ళయితే డాక్ మీద పెట్టే ఆలోచనలో సగం జాక్ మీద పెట్టండి. టేబుల్ దగ్గర కూర్చుని వినేవాళ్ళకి బోర్డు మీద వచ్చిన జాకే ఏళ్ళతరబడి పనిచెయ్యొచ్చు, వాళ్ళకి నా గోలంతా అతిగా అనిపించినా తప్పులేదు. బ్లూటూత్ హెడ్‌సెట్టే చాలనుకుంటే డాక్, యాంప్, జాక్ ఏవీ అక్కర్లేదు, బ్లూటూత్ ఉన్న చిన్న బోర్డు ఈఎస్‌పీ32 ఒక్కటి తీసుకోండి. అయితే ఈఎస్‌పీ32-ఎస్3 వద్దు. అందులో ఉన్నది బీఎల్ఈ (తక్కువ కరెంటుతో నడిచే బ్లూటూత్ రకం) ఒక్కటే, పాటలు పంపే ఏ2డీపీ లేదు. "బ్లూటూత్ 5" అని ఉన్న ఆ బోర్డు కన్నా 4.2 అని ఉన్న మొదటి ఈఎస్‌పీ32 ఈ పనికి మేలు.